మనిషిని చంపితే ఆ క్రిమికి ఒరిగేది ఏమిటి?

నల్లబల్ల

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పోయిన వారం ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెబుతూ, పాలు తోడుకోవడానికి కారణమైనవి మనకు మిత్రులనీ, కలరా, క్షయ, టైఫాయిడ్ వంటివి తెచ్చేవి శత్రువులనీ, ఆ శత్రువులు మన శరీరం మీద దాడి చేస్తాయనీ ఏటా చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను. చివరి వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మనం చచ్చిపోతే మన ఒంట్లో ఉన్న ఆ క్రిమి కూడా చచ్చిపోతుంది కదా, మరి మనల్ని చంపితే దానికేం వస్తుంది?" అని అడిగింది.

దాని తత్వమే అంత అని ఏదో చెప్పి కూర్చోబెట్టాను గానీ, ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. పాము కాటు వేస్తే ఆత్మరక్షణ కోసం వేసిందని చెప్పగలం, పులి చంపితే ఆకలి కోసం చంపిందని చెప్పగలం. కంటికి కనిపించని ఈ జీవి మన ఒంట్లో చేరి ఏం చేస్తుంది, ఆ చేసినది మనకు జబ్బుగా ఎలా మారుతుంది, ఆ జబ్బు వల్ల దానికి ఒరిగేది ఏమైనా ఉందా? ఈ మూడూ విడదీసి చెప్పగలిగితే సోమవారం తరగతిలో ఆ అమ్మాయికి సరైన జవాబు ఇవ్వాలని ఉంది.

సూక్ష్మదర్శిని

మాస్టారూ, నేను వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న మా దగ్గర పై చదువులు చదివేవారు కూడా అడగరు. దానికి ఒకే జవాబు లేదు. ఏ క్రిమి గురించి అడుగుతున్నామో దాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే ముందుగా 'దాడి' అన్న మాటను కాసేపు పక్కన పెట్టి, ఒక్కొక్క క్రిమి ఎక్కడ బతుకుతుంది, ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుంది అన్నది చూద్దాం.

కలరాతో మొదలుపెడతాను. దాని క్రిమి అసలు నివాసం మనిషి పేగు కాదు. నదులు సముద్రంలో కలిసే చోట ఉండే ఉప్పుకయ్యల నీళ్లలో, కంటికి ఆననంత చిన్న నీటి ప్రాణులను అంటిపెట్టుకుని అది హాయిగా బతుకుతుంది. మనం ఆ నీళ్లు తాగినప్పుడు కడుపులోని ఆమ్లం దానిలో అధిక భాగాన్ని చంపేస్తుంది. ఇష్టపడి ముందుకు వచ్చిన ఆరోగ్యవంతుల మీద జరిపిన ప్రయోగాల్లో, రోగం రావడానికి పది కోట్లో అంతకన్నా ఎక్కువో క్రిములు మింగవలసి వచ్చింది. సోడా ఉప్పుతో ఆమ్లాన్ని తగ్గించినప్పుడు మాత్రం లక్ష, పది లక్షలు సరిపోయాయి. మిగిలినవి చిన్నపేగు చేరి, లోపలి జిగురు పొరను ఈదుకుంటూ దాటి, గోడకు సన్నని నూలుపోగుల వంటి కేశాలతో అతుక్కుంటాయి. పేగు గోడను కొరకవు, కణాల్లోకి చొరబడవు, రక్తంలోకి వెళ్లవు. ఒక విషాన్ని మాత్రం విడుస్తాయి.

ఆ విషానికి రెండు భాగాలు. ఐదు ముక్కలు ఉంగరంలా కూడిన భాగం పేగు కణాన్ని పట్టుకుంటుంది, మిగిలిన ఒక్క ముక్క లోపలికి జారుతుంది. కణంలో నీళ్లూ ఉప్పులూ ఎప్పుడు బయటికి వదలాలో నిర్ణయించే ఒక మీట ఉంది. ఈ ముక్క ఆ మీటను తెరిచి, మళ్లీ మూసుకోకుండా బిగించేస్తుంది. క్లోరైడు బయటికి పోతుంది, దాని వెంట సోడియం, ఆ రెండింటి వెంట నీళ్లు. బియ్యం కడిగిన నీళ్ల వంటి విరేచనాలు తీవ్రంగా ఉన్నప్పుడు గంటకు ఒక లీటరు దాకా పోవచ్చు. అంత నీటితో పాటు కోటానుకోట్ల క్రిములు మళ్లీ కాలవలోకి, చెరువులోకి చేరతాయి. ఈ రోగంలో విరేచనమే క్రిమికి వాహనం. మనిషి చావు దానికి అక్కర్లేదు, ఆ ప్రవాహం కావాలి. ప్రవాహం ఆగకపోవడం వల్ల మనిషి చనిపోతాడు.

ఒక్క మాట కలపకుండా ఉండలేను. కలరా క్రిమి విషం విడుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లోనే అనుమానించినా, చాలామంది దాన్ని రక్తంలో వెతికారు. కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా ముడివేసి, క్రిములను పూర్తిగా వడకట్టిన ద్రవాన్ని మాత్రమే అందులోకి ఎక్కించి, ఆ పేగు ముక్క నీళ్లతో ఉబ్బిపోవడాన్ని 1959లో చూపించారు. క్రిమి లేకపోయినా రోగం వచ్చింది కాబట్టి రోగం విషానిదేనని తేలింది. ఇంత పెద్ద సంగతిని మన దేశంలో కనిపెట్టిన మనిషి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నన్ను ఈనాటికీ బాధిస్తుంది. మీ తరగతిలో ఆయన పేరు తప్పక చెప్పండి.

కృష్ణాతీరం

చాలా చక్కగా వివరించారు. నాకు వైద్యం తెలియదు, అందుకే ఒక సందేహం. పేగులో మీట తెరిచి ఉండిపోయి నీళ్లన్నీ బయటికే పోతున్నప్పుడు, నోటి ద్వారా ఇచ్చిన ఉప్పు పంచదార నీళ్లు మాత్రం లోపల ఎలా నిలుస్తాయి? అవీ పోవాలి కదా?

వార్డు నర్సు

కృష్ణాతీరం గారూ, మేము శిక్షణలో ఉన్నప్పుడు ఇదే ప్రశ్న అడిగాం. పేగు కణానికి తలుపు ఒక్కటే కాదు. నీళ్లు బయటికి పోయే తలుపును విషం తెరిచి పెడుతుంది గానీ, గ్లూకోజునూ సోడియంనూ జంటగా లోపలికి తీసుకునే తలుపు జోలికి అది పోదు. ఒట్టి ఉప్పు నీళ్లు ఇస్తే నిలవవు, ఒట్టి పంచదార నీళ్లు ఇచ్చినా చాలదు. రెండూ కలిసి ఉంటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది, వాటి వెంట నీళ్లూ లోపలికి వస్తాయి. అందుకే ఓఆర్‌ఎస్ (ఆ ఉప్పు, గ్లూకోజు కలిపిన పొడి) ప్యాకెట్టు మొత్తాన్ని సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపమని అంత పట్టుబట్టి చెబుతాం. చిన్న గ్లాసులో ప్యాకెట్టంతా కలిపి పసిబిడ్డకు పట్టిన తల్లులను చూశాను. ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. శిబిరంలో సుమారు నూటికి ముప్పై ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. అక్కడ క్రిమిని చంపింది లేదు, పోయిన నీటిని తిరిగి పోశారంతే.

మాస్టారి ప్రశ్నకు నేను చూసిన ఇంకొక రోగం చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ధనుర్వాతం రోగులను చీకటి గదిలో ఉంచేవారు. తలుపు చప్పుడైనా, దీపం వేసినా, ఒంటి మీద చెయ్యి పడినా వీపు విల్లులా వంగిపోయేది, దవడలు బిగుసుకుపోయేవి. మనిషికి మాత్రం స్పృహ పూర్తిగా ఉంటుంది, ఆ నొప్పి అంతా తెలుస్తూనే ఉంటుంది. పసిపిల్లల్లో అయితే పుట్టిన రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఆ తరువాత నోరు తెరవలేకపోతుంది. కొడవలితోనో తుప్పు పట్టిన బ్లేడుతోనో బొడ్డు కోసి, మీద పేడో బూడిదో అద్దిన ఫలితం అది. ఆ రోగి నుంచి మాకు గానీ పక్క మంచం వారికి గానీ అది అంటదు. మరి ఆ అమ్మాయి అడిగినట్టు ఆ క్రిమికి దీనివల్ల ఏం లాభం? సూక్ష్మదర్శిని గారు చెప్పాలి.

సూక్ష్మదర్శిని

అమ్మా, మనకు తెలిసినంతలో ఏ లాభమూ లేదు. ధనుర్వాతం క్రిమి మట్టిలోనూ, పశువుల, గుర్రాల పేడలోనూ గట్టి పెంకు కట్టుకున్న సిద్ధబీజాలుగా ఏళ్ల తరబడి పడి ఉంటుంది. గాలి తగలని లోతైన గాయంలో, చచ్చిన కండ ఉన్న చోట అవి మొలకెత్తుతాయి. మొలకెత్తినా ఆ గాయం దాటి ఎక్కడికీ పోవు. ఒక్కోసారి గాయం మానిపోయి, ముల్లు గుచ్చుకున్న సంగతే రోగికి గుర్తుండదు. ప్రయాణం చేసేది విషం ఒక్కటే. అది నాడి కొసను పట్టుకుని, ఆ నాడి పొడవునా వెనక్కి పాకి వెన్నుపామును చేరుతుంది. ఒక కండరం బిగుసుకున్నప్పుడు దానికి ఎదురు కండరాన్ని సడలించే నాడీకణాలు అక్కడ ఉంటాయి. అవి విడుదల చేయవలసిన నిరోధక రసాయనాలు బయటికి రాకుండా ఈ విషం అడ్డుపడుతుంది. వద్దని ఆపేవాడు లేకపోవడంతో కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి.

ఆ విషం మనిషి నాడుల కోసం పుట్టిందని అనుకోవడానికి ఆధారం లేదు. మట్టిలో బతికే జీవికి మనిషి వెన్నుపాముతో పని ఏముంటుంది? తాళం చెవి ఎవరిదో, తెరుచుకున్న తాళం ఎవరిదో అన్నట్టుగా అది కుదిరింది. దీని వల్ల ఒక చిత్రమైన పర్యవసానం ఉంది. ప్రాణం తీయడానికి కావలసిన విషం ఎంత స్వల్పమంటే, మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపెట్టుకునేందుకు కూడా చాలదు. అందుకే ధనుర్వాతం వచ్చి తగ్గినవారికి కూడా టీకా తప్పనిసరి. టీకాలో ఆ విషాన్నే కోరలు తీసి, కావలసినంత మోతాదులో శరీరానికి పరిచయం చేస్తాం.

వార్డు నర్సు

ఇంకొక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. గర్భిణులకు వేసే టీకా, శుభ్రమైన ప్రసవం, ఈ రెండింటి వల్లనే బాలింతల, పసికందుల ధనుర్వాతాన్ని అదుపు చేయడంలో 2003లో మన ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటిదిగా గుర్తింపు పొందింది. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో వచ్చింది. ఎండలో ఐస్ పెట్టె మోసుకుని ఇల్లిల్లూ తిరిగిన ఏఎన్‌ఎం అమ్మాయిలతో నేను పనిచేశాను, అందుకని ఈ మాట గర్వంగా రాస్తున్నాను. మట్టిలో క్రిమి మాత్రం ఎప్పటిలాగే ఉంది, అది ఎక్కడికీ పోదు.

పాడిపంట

నేను పశువైద్యుణ్ణి. పై రెండు జవాబులూ చదివాక, మూడోది మా వైపు నుంచి చెప్పాలనిపించింది, ఎందుకంటే నిజంగానే చావు అవసరమైన క్రిమి ఒకటి ఉంది. గొర్రెల కాపరులు దాన్ని దొమ్మ అంటారు, పుస్తకాల్లో ఆంత్రాక్స్. ఒక రోగానికి ఫలానా బాక్టీరియానే కారణమని తిరుగులేకుండా నిరూపించిన తొలి ఉదాహరణ ఇదే. 1876లో కాక్ పేరు తెచ్చుకున్నది దీనితోనే.

ఇది కూడా సిద్ధబీజాలుగా మట్టిలో ఉంటుంది. పొట్టి గడ్డిని మట్టితో సహా కొరికే గొర్రె నోట్లోకి పోతుంది. లోపల మొలకెత్తి, రక్తంలో చేరి, ఎంతగా పెరుగుతుందంటే చివరి గంటల్లో రక్తం నిండా అదే ఉంటుంది. దాని విషం మూడు ముక్కల కూర్పు: ఒకటి కణానికి అంటుకుని దారి ఇస్తుంది, ఒకటి వాపు తెస్తుంది, ఒకటి కణాలను చంపుతుంది. ఉదయం మేతకు వెళ్లిన గొర్రె సాయంత్రానికి పడి ఉంటుంది. ముక్కు నుంచి, నోటి నుంచి, మలద్వారం నుంచి నల్లని రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. ఈ కారడంలోనే కిటుకు ఉంది. బతికి ఉన్న పశువు ఒంట్లో ఈ క్రిమి సిద్ధబీజాలు కట్టదు. బయటి గాలి తగిలినప్పుడే కడుతుంది. పశువు చచ్చి, రక్తం నేల మీద పడి, గాలి తగిలితేనే దాని తరువాతి తరం మట్టిలో దశాబ్దాల పాటు నిలుస్తుంది. స్కాట్లండ్ దగ్గర గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో 1942లో దీన్ని ఆయుధంగా ప్రయోగించి చూస్తే, 1986లో ఫార్మాల్డిహైడుతో నేలను కడిగేదాకా ఆ దీవిలో అడుగు పెట్టే వీలు లేకపోయింది.

అందుకే అనుమానం ఉన్న కళేబరాన్ని కోయవద్దని చేతులు జోడించి చెబుతుంటాం. కోయకుండా వదిలిన కళేబరంలో గాలి అందక, కుళ్లే క్రిముల పోటీకి తట్టుకోలేక, ఈ క్రిమి కొద్ది రోజుల్లోనే చాలావరకు నశిస్తుంది. కోసి, తోలు ఒలిచి, మాంసం పంచుకుంటే దానికి కావలసిన గాలిని మనమే అందించినట్టు. చచ్చిన గొర్రె విలువ కాపరికి ఎంతో నాకు తెలుసు, పిల్లల చదువు ఫీజు కళ్ల ముందు పడి ఉన్నట్టే. అయినా తోలు ఒలిచినవారి చేతుల మీద నల్లని చెక్కు కట్టిన పుండ్లు చూసినవాణ్ణి కాబట్టి, ఆ మాట చెప్పక తప్పదు.

కనుక మాస్టారూ, మీ విద్యార్థినికి ఇలా చెప్పవచ్చు: కలరా క్రిమికి మన విరేచనం కావాలి, ధనుర్వాతం క్రిమికి మనతో పనే లేదు, దొమ్మ క్రిమికి మాత్రం చావే కావాలి.

అరుగు

అందరికీ నమస్కారం. నేను ఆయుర్వేదం మీద అభిమానం ఉన్నవాణ్ణి. మీరంతా క్రిమి గురించే మాట్లాడుతున్నారు గానీ, ఒకే బావి నీళ్లు తాగిన పదిమందిలో ఇద్దరికే జబ్బు వస్తుంది కదా. విత్తనం కన్నా నేల ముఖ్యం అన్నది పెద్దల మాట. ఒంట్లో సత్తువ ఉంటే ఏ క్రిమీ ఏమీ చేయలేదని నా నమ్మకం. కలరా క్రిములు తాగి కూడా బతికిన ఒక జర్మన్ శాస్త్రవేత్త ఉన్నాడని ఎక్కడో చదివాను.

సూక్ష్మదర్శిని

అరుగు గారూ, మీరు చదివింది నిజమే. ఆయన మ్యూనిక్ నగరానికి చెందిన మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్. కలరాకు క్రిమి ఒక్కటే కారణం కాదని వాదించి, 1892లో సోడా కలిపిన కలరా క్రిముల ద్రవాన్ని అందరికీ తెలిసేలా తాగారు. కొద్దిపాటి విరేచనాలు అయ్యాయి, అంతకు మించి ఏమీ కాలేదు. అయితే కొద్ది రోజులకే అదే పని చేసిన ఆయన శిష్యుడు ఎమెరిచ్ మాత్రం బాగా జబ్బుపడి కోలుకున్నాడు. ఒక మనిషి తట్టుకున్నంత మాత్రాన క్రిమికి బలం లేదనుకోకూడదు.

నేల ముఖ్యమన్న మీ మాటలో సగం సత్యం ఉంది. క్షయ క్రిమి ఒంట్లో చేరినవారిలో జీవితకాలం మొత్తం మీద నూటికి ఐదు నుంచి పది మందికే జబ్బుగా పైకి తేలుతుంది. పోలియో వైరస్ సోకిన పిల్లల్లో సుమారు రెండు వందల మందిలో ఒకరికే పక్షవాతం వస్తుంది. గాయాలకు చీము పట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్ నూటికి ఇరవై ముప్పై మంది ముక్కుల్లో ఏ గొడవా చేయకుండా కాపురం ఉంటుంది. మిగిలిన సగం మాత్రం సరి కాదు. ధనుర్వాతం విషానికి పహిల్వాను అయినా ఒకటే, పీలగా ఉన్నవాడైనా ఒకటే. టీకా వేసుకున్నాడా లేదా అన్నది తప్ప అది ఒంటి సత్తువను చూడదు.

పాడిపంట

అరుగు గారి మాటకు మా దగ్గర మంచి ఉదాహరణ గొంతువాపు. దాని క్రిమి ఆరోగ్యంగా ఉన్న కొన్ని గేదెల గొంతులోనే దాగి ఉంటుంది. వేసవిలో మేత లేక చిక్కిన పశువు తొలకరి వానకు తడిసి, దుక్కికి కట్టబడి అలిసిపోయినప్పుడు అదే విజృంభిస్తుంది, పక్క పశువులకు పాకుతుంది. గొంతు కింద వాపు కనిపించిన గేదె ఒక్కోసారి రోజు తిరగకుండానే పోతుంది. నేల గట్టిగా ఉండాలన్న మాట నిజమే గానీ, వానలకు ముందు టీకా వేయించిన పశువుకు, వేయించని పశువుకు తేడా నేను ఏటా చూస్తున్నాను.

దూరతీరం

నమస్కారం. గుంటూరు జిల్లా నుంచి వచ్చి అమెరికాలో రోగనిరోధక వ్యవస్థ మీద పనిచేసే ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్నాను. ఇంతదాకా జరిగిన చర్చలో ఒక పెద్ద భాగం రాలేదనిపించింది. క్రిమి చేసే హాని గురించే మాట్లాడుకున్నాం గానీ, జబ్బుగా మనం అనుభవించేదానిలో చాలా భాగం మన శరీరం చేసుకునేదే. జ్వరం క్రిమి పెట్టే వేడి కాదు, మన మెదడు పెంచుకునే వేడి. చీము అంటే అధిక భాగం పోరాడి చచ్చిన మన తెల్ల రక్తకణాలే.

ఇ. కోలై, టైఫాయిడ్ క్రిమి వంటి ఒక వర్గం బాక్టీరియాలకు బయటి పొరలో కొవ్వు, చక్కెర కలిసిన ఒక పదార్థం ఉంటుంది. అది కలరా విషంలా ఏ మీటనూ తిప్పదు. దాన్ని చూడగానే క్రిమి వచ్చిందని మన కణాలు గుర్తుపట్టి గంట కొడతాయి, అంతే. కొద్దిగా ఉంటే కొద్ది జ్వరం వచ్చి పని జరుగుతుంది. రక్తం నిండా ఉంటే ఒళ్లంతా ఒకేసారి గంటలు మోగి, రక్తనాళాలు వదులై నీరు కారిపోయి, రక్తపోటు పడిపోయి, సన్నని నాళాల్లో రక్తం గడ్డలు కట్టి మనిషి చనిపోతాడు. దీన్నే సెప్సిస్ అంటారు. అందులో క్రిమి చచ్చినా సరే, దాని పొర ముక్కలు చాలు. సెలైన్ సీసాలో బతికిన క్రిమి లేకపోతే చాలదు, చచ్చిన క్రిమి పొర కూడా ఉండకూడదని నియమం పెట్టింది ఇందుకే.

క్షయలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ క్రిమి ఇరవై గంటలకు ఒకసారి గానీ రెండుగా చీలదు. దాన్ని మింగిన భక్షక కణంలోనే, జీర్ణం చేసే ఆమ్లం తన గదిలోకి రాకుండా అడ్డుకుని కాపురం పెడుతుంది. చంపలేక శరీరం దాని చుట్టూ కణాలతో గోడ కడుతుంది. ఆ గోడ మధ్య భాగం కుళ్లి, ఊపిరితిత్తిలో గుహ పడి, శ్వాసనాళంలోకి తెరుచుకుంటుంది. ఆ గుహను తవ్వేది ముఖ్యంగా మన రోగనిరోధక శక్తే. హెచ్‌ఐవీ వల్ల ఆ శక్తి బాగా క్షీణించినవారిలో గుహలు తక్కువగా పడతాయి, వారికి మందులు ఇచ్చి శక్తి తిరిగి వస్తున్నప్పుడు క్షయ కొన్నాళ్లు ఎక్కువైనట్టు కనిపిస్తుంది. గుహ పడితేనే దగ్గులో క్రిములు బయటికి వస్తాయి, మరొకరికి చేరతాయి. తనను శరీరం గుర్తుపట్టడమే దానికి లాభం. సాధారణంగా క్రిములు మన కణాలు గుర్తుపట్టే తమ భాగాలను మార్చుకుంటూ తప్పించుకుంటాయి. క్షయ క్రిమిలో ఆ భాగాలు దాదాపు మారకుండా ఉన్నాయని 2010లో జన్యు పరిశోధనలు చూపించాయి. నా దృష్టిలో రోగం అన్నది క్రిమి చేసేది కాదు, మనం చేసుకునేది.

వార్డు నర్సు

దూరతీరం గారూ, మీరు రాసిన శాస్త్రం నేను కాదనను గానీ, చివరి వాక్యం నన్ను భయపెట్టింది. ఆ మాట ఊళ్లోకి ఏ రూపంలో చేరుతుందో నేను చూశాను. జ్వరం మన ఒంటి పనే కాబట్టి దాన్ని అణిచేస్తే చాలనుకుని, మందుల దుకాణంలో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగి, రెండు రోజులు హాయిగా తిరిగి, మూడో రోజు ఊపిరి అందక మా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు. ఒంటి పోరాటాన్ని ఆపితే క్రిమికి అడ్డు తీసినట్టే కదా.

సూక్ష్మదర్శిని

నేనూ అదే చెప్పబోతున్నాను. కలరాలో పేగు గోడ దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది, శరీరం పెద్దగా పోరాడదు కూడా. అక్కడ హాని అంతా విషానిదే. క్షయలో, సెప్సిస్‌లో మీరన్నది నిజం. కనుక ఏ రోగంలో ఎవరి వాటా ఎంత అన్నది విడిగా చూడాలి, అన్నిటికీ ఒకే తూకం వేయకూడదు. మెదడు పొరలకు క్షయ సోకినప్పుడు వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇస్తారు, మరణాలు తగ్గుతాయని నిరూపణ అయింది. అయితే క్రిమిని చంపే మందులతో పాటుగానే ఇస్తారు.

దూరతీరం

ఒప్పుకుంటున్నాను. చివరి వాక్యం తొందరపాటుతో రాశాను. దాన్ని "కొన్ని రోగాల్లో అధిక భాగం మనం చేసుకునేది" అని సరిదిద్దుకుంటున్నాను. స్టెరాయిడ్ల సంగతి నాకు తట్టలేదు, చెప్పినందుకు ధన్యవాదాలు అమ్మా.

కృష్ణాతీరం

ఈ చర్చ చదువుతుంటే మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. నా చిన్నతనంలో ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. మందులు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు జ్వరం తగ్గింది, మాత్రలు మానేశారు, పొలం పనికి వెళ్లారు. తరువాతి వారం కడుపులో విపరీతమైన నొప్పితో పడిపోతే, తీసుకువెళ్లిన మొదటి ఆసుపత్రిలో గ్యాస్ నొప్పి అని పంపేశారు. రెండోచోట పేగుకు రంధ్రం పడిందని చెప్పి ఆపరేషన్ చేశారు. అదృష్టవశాత్తూ బతికారు. జ్వరం తగ్గాక పేగుకు రంధ్రం ఎలా పడిందో మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడైనా తెలుసుకోవాలని ఉంది.

సూక్ష్మదర్శిని

మీ నాన్నగారు బతికి బయటపడినందుకు సంతోషం. టైఫాయిడ్ క్రిమి కలరా క్రిమికి పూర్తిగా విరుద్ధమైన స్వభావం కలది. పేగులో ఉండిపోదు. చిన్నపేగు చివరి భాగంలో రోగనిరోధక కణాలు గుంపులుగా ఉండే పేయర్స్ ప్యాచెస్ అనే కాపలా చావడులు ఉంటాయి. ఆ చావడి తలుపు గుండానే లోపలికి దూరి, కాపలాదారు కణాన్నే బండిగా చేసుకుని కాలేయానికి, ప్లీహానికి, ఎముక మూలుగకు వెళుతుంది. ఇందాక దూరతీరం గారు చెప్పిన గంట మోగించే పొరను ఇది వీఐ అనే చక్కెర ముసుగుతో కప్పుకుంటుంది. అందుకే తొలి వారం పది రోజులు మనిషికి ఏమీ తెలియదు. తరువాత జ్వరం మెట్టు మెట్టుగా ఎక్కుతుంది.

ఆ పైన అది పిత్తాశయంలో చేరి, పిత్తరసంతో పాటు మళ్లీ పేగులోకి దిగుతుంది. తొలిసారి తనను చూసిన ఆ చావడులనే రెండోసారి తాకుతుంది. ఈసారి అవి సిద్ధంగా ఉంటాయి. అక్కడ వాపు పెరిగి, కండ చచ్చి, పుండు పడి, ఎక్కువగా మూడో వారంలో ఆ పుండు పేగు గోడను దాటి చిల్లు పడుతుంది. జ్వరం దిగిందంటే రక్తంలో క్రిముల సంఖ్య తగ్గిందని మాత్రమే. కణాల లోపల దాగినవి, పేగు గోడలోని పుండు అప్పటికీ ఉంటాయి. మాత్రల గడువు పూర్తి చేయమనేది అందుకే. జ్వరం తగ్గాక వచ్చే కడుపు నొప్పిని ఎన్నడూ తేలికగా తీసుకోకూడదు.

రోగం తగ్గినవారిలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి వరకు పిత్తాశయంలో ఆ క్రిమిని ఏడాదికి పైగా మోస్తారు. న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్ ఒంట్లో జబ్బు గుర్తే లేదు. ఆమె వండిన ఇళ్లలో మాత్రం టైఫాయిడ్ వచ్చింది. 1907లో పట్టుకుని మూడేళ్లు ఒంటరిగా ఉంచారు. వంట చేయనని మాట ఇచ్చాక వదిలారు, మళ్లీ వంటకు చేరడంతో 1915లో మళ్లీ తీసుకువెళ్లి 1938లో చనిపోయేదాకా అలాగే ఒంటరిగా ఉంచారు. తనకు జబ్బే లేదని ఆమె చివరిదాకా నమ్మింది. ఆ మాట ఆమె దృష్టిలో అబద్ధం కాదు, అందుకే నాకు ఆమె మీద జాలి కలుగుతుంది. మాస్టారి ప్రశ్నకు మేరీ మాలన్ కూడా ఒక జవాబే: క్రిమికి అత్యంత లాభకరమైన మనిషి చనిపోయినవాడు కాదు, ఆరోగ్యంగా తిరుగుతూ నలుగురికి వండి పెట్టేవాడు.

దూరతీరం

ఆ వీఐ ముసుగునే ఒక మాంసకృత్తుకు జతచేసి తయారుచేసిన టీకా హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థది. 2017 చివరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ముందస్తు అర్హత (ఐక్యరాజ్యసమితి సంస్థలు కొనడానికి తగినదన్న గుర్తింపు) ఇచ్చింది. ఒట్టి చక్కెర ముసుగును రెండేళ్ల లోపు పిల్లల శరీరం సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు. మాంసకృత్తు తోడైతే ఆరు నెలల బిడ్డ కూడా గుర్తుపెట్టుకుంటుంది.

నల్లబల్ల

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు తరగతిలో 'శత్రువు' అన్న మాట వాడకుండా పాఠం మళ్లీ చెప్పాను. నల్లబల్ల మీద కలరా, ధనుర్వాతం, దొమ్మ, క్షయ, టైఫాయిడ్ అని రాసి, ఒక్కొక్క దాని పక్కన అది ఎక్కడ బతుకుతుంది, ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా వెళుతుంది, మనకు నొప్పి ఎవరి వల్ల కలుగుతుంది అని మూడు గడులు గీసి పిల్లల చేతనే నింపించాను. శంభునాథ్ డే గారి కుందేలు ప్రయోగం చెప్పినప్పుడు తరగతి అంతా నిశ్శబ్దంగా విన్నది. ప్రశ్న అడిగిన అమ్మాయి ధనుర్వాతం గడిలో "దానికి మనతో పని లేదు" అని రాసి, దాని కింద గీత గీసింది.

మా పిల్లల్లో గొర్రెల కాపరుల ఇళ్ల నుంచి వచ్చేవారు ఐదుగురు ఉన్నారు. వారిలో ఒక అబ్బాయి లేచి, పోయిన ఏడు వాళ్ల మందలో ముక్కు వెంట రక్తం కారి చచ్చిన గొర్రెను చెరువు పక్క బీడులో పడేశారనీ, ఇప్పుడు మంద రోజూ అక్కడే మేస్తోందనీ చెప్పాడు. పాడిపంట గారూ, వాళ్ల నాన్నకు ఏం చెప్పమంటారు?

పాడిపంట

మాస్టారూ, ముందుగా రేపటి నుంచే ఆ బీడులో మేపడం ఆపమనండి. అది దొమ్మేనా కాదా అన్నది పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు గానీ, మీరు చెప్పిన లక్షణానికి అదేనని అనుకుని నడుచుకోవడం క్షేమం. దగ్గరలోని పశువైద్యశాలలో ఈ సంగతి చెబితే ఆ బీడు మట్టిని ఎలా పరీక్షకు పంపాలో వారు చూస్తారు. ఎవరూ చేతులతో తవ్వి తీయకూడదు. మందకు దొమ్మ టీకా వేయించుకోవాలి, అది ఏటా వేయించవలసిన టీకా. ఇకపై గొర్రె అలా చచ్చిపడితే ముక్కుకు, నోటికి, వెనక గుడ్డ కుక్కి, కోయకుండా, పడిన చోటికి వీలైనంత దగ్గరలోనే లోతుగా పూడ్చాలి లేదా కాల్చాలి. రక్తం పడిన పైమట్టినీ దానితో పాటే పూడ్చాలి. కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప, రాళ్లు వేయాలి. ఆ గొర్రెను పోయిన ఏడు మోసినవారి చేతుల మీద మానని నల్లటి పుండు ఏదైనా ఉందేమో ఆ అబ్బాయిని అడగండి. ఉంటే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, గొర్రె సంగతి కూడా డాక్టరు గారికి చెప్పమనండి.